పాలపన్నే కదా అనుకోవద్దు

రాత్రి పదకొండు గంటలయింది. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. ఆరేళ్ల పిల్ల ఉన్నట్టుండి లేచి కూర్చుంది. బుగ్గ పట్టుకుని ఏడుస్తోంది. "అమ్మా, పన్ను నొప్పి" అంటోంది.

అమ్మ లేచి లైటు వేసింది. ఒక లవంగం నలిపి పంటి మీద పెట్టింది. కాసేపు నొప్పి తగ్గింది. మళ్లీ మొదలయింది. తెల్లవార్లూ పిల్ల పడుకోలేదు. తల్లీ పడుకోలేదు. పొద్దున పిల్లకు బడి పోయింది. తల్లికి కూలి పోయింది.

పక్కింటి పెద్దమ్మ వచ్చింది. పిల్ల నోరు చూసింది. "పాలపన్నే కదే! నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే ఊడిపోతుంది. దీనికి ఆస్పత్రి ఎందుకు?" అంది.

ఈ మాట మనం అందరం విన్నదే. మనమూ ఎప్పుడో అన్నదే. పెద్దమ్మ ప్రేమతోనే అంది. కాని ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, అది పాలపన్నే అయినా నాలుగు రోజుల్లో ఊడదు. రెండు, అది అసలు పాలపన్నే కాకపోవచ్చు.

అదెలాగో తెలుసుకుందాం.

ఆరో పన్ను సంగతి

బిడ్డకు సుమారు ఆరు నెలలకు మొదటి పన్ను వస్తుంది. మూడేళ్లు నిండేసరికి 20 పాలపళ్లు వస్తాయి. పైన 10, కింద 10.

సుమారు ఆరేళ్లకు ముందు పళ్లు కదులుతాయి. ఒక్కొక్కటే ఊడతాయి. వాటి చోట కొత్త పళ్లు వస్తాయి. ఇది మనకు తెలుసు. ఊడిన పన్నును పిల్లలు ఇంటి మీదికి విసురుతారు. నవ్వుకుంటాం.

కాని అదే వయసులో ఇంకొకటి జరుగుతుంది. అది చాలామంది తల్లులకు తెలియదు. పాలపళ్ల వరుస వెనకాల, దవడ చివర, నాలుగు పెద్ద పళ్లు వస్తాయి. పైన రెండు, కింద రెండు. వీటి కోసం ఏ పన్నూ ఊడదు. అందుకే ఇవి వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. చూసినా పాలపళ్లే అనుకుంటాం. ఇవి పాలపళ్లు కావు. ముసలితనం దాకా ఉండవలసిన పళ్లు. ఇవి పోతే మళ్లీ రావు.

మీ పిల్ల నోట్లో ఇవి వచ్చాయా? మీరే చూడవచ్చు. పిల్లను వెలుతురులో కూర్చోబెట్టండి. నోరు తెరవమనండి. కింది పళ్లలో సరిగ్గా మధ్య నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఇవి పాలపళ్ల చోట్లు. ముందు పన్ను ఊడి ఖాళీ ఉంటే ఆ ఖాళీని కూడా లెక్కలో వేయండి. అయిదు దాటి ఆరోది కనిపించిందా? అదే జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని మీద లోతైన గీతలు, గుంటలు ఉంటాయి. తిన్నది వాటిలో ఇరుక్కుంటుంది. అందుకే అది వచ్చిన కొత్తలోనే పుచ్చిపోయే ప్రమాదం ఎక్కువ.

మరి పాలపన్ను పుచ్చితే ఏమవుతుంది?

ముందు పాలపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి. కాని నమిలే దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అయిదేళ్ల పిల్లకు దవడ పన్ను పుచ్చిందనుకోండి. ఇంకా అయిదారేళ్లు ఆ పంటితోనే నమలాలి. "నాలుగు రోజులు ఓర్చుకో" అంటే కుదురుతుందా?

నొప్పి ఉన్న పిల్ల ఒక పక్కనే నములుతుంది. గట్టివి తినదు. పల్లీలు వద్దంటుంది. జామకాయ వద్దంటుంది. మెత్తని బిస్కెట్టు అడుగుతుంది. సరిగా తినదు, సరిగా నిద్రపోదు. బడిలో ఆమె మనసు పాఠం మీద ఉండదు. టీచరు "ఈ పిల్లకు చదువు రాదు" అనుకోవచ్చు. అసలు సంగతి పంటి నొప్పి.

ఇంకో సంగతి. ప్రతి పాలపన్ను కింద కొత్త పన్ను తయారవుతూ ఉంటుంది. పాలపన్ను దానికి చోటు పట్టి ఉంచుతుంది. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి ఉంచినట్టు. పాలపన్ను ముందే పోతే పక్క పళ్లు ఆ చోటులోకి జరుగుతాయి. కొత్త పన్ను వంకరగా వస్తుంది. పాలపన్ను కింద చీము పడితే ఆ చీము కొత్త పన్నునూ పాడు చేయవచ్చు.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

"పన్నును పురుగు తిన్నది" అంటాం. కొందరు ఊళ్లోకి వచ్చి "పురుగు తీస్తాం" అంటారు. విత్తనాలు కాల్చి పొగ పట్టిస్తారు. తెల్లగా ఏదో రాల్చి చూపిస్తారు. డబ్బు తీసుకుని పోతారు. అక్కలారా, పంటిలో కంటికి కనిపించే పురుగు ఉండదు. వాళ్లు చూపించినది పంటిలో నుంచి వచ్చింది కాదు.

పంటి మీద ఉండేవి సూక్ష్మజీవులు. కంటికి కనిపించవు. వాటి పని మనకు కొత్త కాదు. రోజూ వంటింట్లో చూస్తున్నదే. పాలల్లో తోడు వేస్తాం. తెల్లారేసరికి పాలు పెరుగవుతాయి. ఇంకా ఉంచితే పుల్లబడతాయి. ఆ పులుపు ఎవరు చేశారు? తోడులోని సూక్ష్మజీవులు. పాలల్లో ఉన్న తీపిని తిని అవి పులుపు తయారు చేస్తాయి.

నోట్లోనూ ఇదే జరుగుతుంది. పిల్ల చాక్లెట్టు తింటుంది. తీపి పంటికి అంటుకుంటుంది. అక్కడి సూక్ష్మజీవులు ఆ తీపిని తింటాయి. పులుపు తయారు చేస్తాయి. ఆ పులుపు పన్నును కరిగిస్తుంది.

పులుపు ఇంత గట్టి పన్నును కరిగిస్తుందా? ఇంట్లోనే చేసి చూడండి. కోడిగుడ్డు పెంకు ముక్కను గిన్నెలో వేయండి. మునిగేలా నిమ్మరసం పోయండి. బుడగలు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పెంకు మెత్తబడుతుంది. పన్ను పెంకు కన్నా చాలా గట్టిది. అందుకే ఒక్క రోజులో పోదు. నెలల తరబడి, రోజుకు పది సార్లు పులుపు తగిలితే పోతుంది.

ఎంత తీపి కాదు, ఎన్ని సార్లు?

ఇది చాలా ముఖ్యమైన మాట. నిదానంగా చదవండి.

తీపి తిన్న ప్రతిసారీ పంటి మీద సుమారు అరగంట పులుపు ఉంటుంది. ఆ తరువాత మన నోట్లో ఊరే ఎంగిలి ఆ పులుపును కడిగేస్తుంది. కొంచెం కరిగిన పన్నును మళ్లీ గట్టిపరుస్తుంది. కాబట్టి ఎంగిలి మన పళ్లకు కాపలా. కాని ఆ కాపలాకు టైము ఇవ్వాలి.

బడికి వెళ్లే పిల్ల రోజు ఎలా ఉంటుందో చూద్దాం. పొద్దున టీ, బిస్కెట్టు. బడికి పోతూ కొట్టులో చాక్లెట్టు. ఇంటర్‌వెల్‌లో జీళ్లు. మధ్యాహ్నం అన్నం తరువాత చిక్కీ. బడి నుంచి వస్తూ పుల్ల ఐసు. సాయంత్రం చుట్టాలు తెచ్చిన కేకు ముక్క. రాత్రి పడుకునే ముందు చక్కెర పాలు.

ఎన్ని సార్లయింది? 7 సార్లు. ఒక్కోసారి అరగంట. అంటే మూడున్నర గంటలు పళ్లు పులుపులో నానుతున్నాయి. పిల్ల చాక్లెట్టును గంటసేపు బుగ్గన పెట్టుకుంటే ఇంకా ఎక్కువ.

అదే తీపిని అన్నంతో పాటు, టిఫినుతో పాటు పెట్టారనుకోండి. రోజుకు రెండు సార్లే అవుతుంది. అంటే ఒక గంట. పిల్ల తీపి తిననే తిన్నది. పంటికీ విశ్రాంతి దొరికింది.

బెల్లమైతే మంచిదే కదా అంటారు. వంటికి బెల్లం కొంత మేలు కావచ్చు. పంటికి మాత్రం బెల్లం, చక్కెర, తేనె అన్నీ ఒకటే. కొన్ని బళ్లలో మధ్యాహ్న భోజనంతో పల్లీ చిక్కీ ఇస్తున్నారు. దాన్ని మాన్పించవద్దు. అది పిల్లలకు బలం. తిన్నాక నీళ్లతో నోరు బాగా పుక్కిలించమని చెప్పండి. దగ్గు మందు, జ్వరం మందు కూడా తియ్యగా ఉంటాయి. అవి తాగాక కూడా పుక్కిలించాలి.

అన్నిటికన్నా చెడ్డది రాత్రి తీపి. నిద్రలో ఎంగిలి తక్కువ ఊరుతుంది. కాపలా ఉండదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు పై ముందు పళ్లు ముందుగా పుచ్చుతాయి. కాబట్టి పాలు తాగించి, నోరు శుభ్రం చేసి, ఆ తరువాత పడుకోబెట్టండి. పళ్లు తోమాక నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వవద్దు.

పది నిమిషాల ఊరట

"పిల్ల ఏడిస్తే ఏం చెయ్యను? పొద్దున్నే నాట్లకు పోవాలి. అయిదు రూపాయలు చేతిలో పెడితే ఊరుకుంటుంది" అంటుంది ఒక తల్లి. ఈ మాటలో నిజం ఉంది. తల్లిని తప్పు పట్టి లాభం లేదు. పని తల్లిది, పిల్ల తల్లిది, ఏడుపు కూడా తల్లే వినాలి.

అందుకని అదే అయిదు రూపాయలతో ఏం చెయ్యవచ్చో ఆలోచిద్దాం. వేయించిన పల్లీలు, శనగలు ఇవ్వవచ్చు. గుగ్గిళ్లు ఉడకబెట్టి జేబులో పోయవచ్చు. కాలంలో జామకాయ, మొక్కజొన్న పొత్తు ఉంటాయి. ఇవి పంటికి హాని చెయ్యవు. కడుపూ నిండుతుంది. చాక్లెట్టు పూర్తిగా మాన్పించలేకపోతే ఒక పూటకు కట్టండి. ఆదివారం అన్నం తిన్నాక ఒక్కసారి తిననివ్వండి. తాతకు, మామయ్యకు కూడా చెప్పండి. "ఈసారి వచ్చేటప్పుడు బిస్కెట్టు పాకెట్టు వద్దు నాన్నా, అరటిపళ్లు తే" అనండి.

పళ్లు ఎవరు తోమాలి?

"మా పిల్ల పెద్దదయింది. తనే తోముకుంటుంది" అంటాం. ఒక గుర్తు చెబుతాను. తన జడ తాను సరిగా అల్లుకోలేని పిల్ల తన పళ్లు తాను సరిగా తోముకోలేదు. చెయ్యి తిరగదు. ముందు పళ్లు నాలుగు రుద్ది ఉమ్మేస్తుంది. పుచ్చేది వెనక పన్ను. అక్కడికి బ్రష్షు పోనే పోదు. అందుకే ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లు తోమాలి. అమ్మే తోమాలని లేదు. నాన్న తోమవచ్చు. అన్న, అక్క తోమవచ్చు.

పిల్లను మీ ముందు, మీ వైపు వీపు పెట్టి నిలబెట్టండి. తల మీ పొట్టకు ఆనించండి. ఇప్పుడు నోరంతా కనిపిస్తుంది. జడ వేసేటప్పుడు ఇలాగే కదా నిలబెడతాం! పళ్ల లోపలి పక్క, బయటి పక్క, నమిలే చోటు మూడూ తోమండి. చివరి పన్నును మరువకండి. రెండు నిమిషాలు చాలు.

రోజుకు రెండు సార్లు తోమాలి. పొద్దున ఒకసారి. రాత్రి పడుకునే ముందు ఒకసారి. ఒక్కసారే కుదిరితే రాత్రి తోమండి. పొద్దున తోమే అలవాటు మనకు ఉంది. రాత్రి అలవాటు లేదు. అక్కడే పన్ను పోతోంది.

దేనితో తోమాలి? మెత్తని చిన్న బ్రష్షుతో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో. ఫ్లోరైడ్ పన్నును గట్టిపరుస్తుంది. పులుపుకు తొందరగా కరగనివ్వదు. పేస్టు అట్ట మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. బడికి పోయే పిల్లల చేత చదివించండి. చాలా వాటి మీద 1000 అనే అంకె కూడా ఉంటుంది.

పేస్టు ఎంత వెయ్యాలి? మూడేళ్ల లోపు బిడ్డకు బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠానీ గింజంత. టీవీలో చూపించినట్టు బ్రష్షు నిండా వెయ్యవద్దు. డబ్బు దండగ, పిల్లకూ మంచిది కాదు. పేస్టు మింగనివ్వకూడదు. ఉమ్మించాలి.

వేప పుల్ల మంచిదే. కాని చిన్న పిల్లల వెనక పళ్లకు అది అందదు. బొగ్గు, ఇటుక పొడి, ఇసుక వద్దు. అవి పన్నును అరగదీస్తాయి. నశ్యం, గుల్ అసలే వద్దు. వాటిలో పొగాకు ఉంటుంది. పళ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని 1992లోనే ప్రభుత్వం నిషేధించింది.

మరి ఫ్లోరైడ్ నీళ్ల మాటేమిటి?

నల్గొండ, ప్రకాశం జిల్లాల అక్కచెల్లెళ్లు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. "ఫ్లోరైడ్ వల్లనే కదా మా ఊళ్లలో ఎముకలు వంగిపోయాయి! అదే మంచిదంటారేమిటి?" అని.

మంచి ప్రశ్న. ఉప్పు సంగతి తీసుకోండి. కూరలో చిటికెడు వేస్తే రుచి. గుప్పెడు పోస్తే కూర పనికిరాదు. ఫ్లోరైడ్ కూడా అంతే. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. కొన్ని ఊళ్ల బోరు నీటిలో అంతకన్నా చాలా ఎక్కువ ఉంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పళ్ల మీద గోధుమ రంగు చారలు వస్తాయి. ఎముకలు దెబ్బతింటాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు.

పేస్టు తాగేది కాదు. కొంచెం రాసి ఉమ్మేసేది. తేడా అక్కడ ఉంది. అయినా మీ ఊళ్లో ఫ్లోరైడ్ బాధ ఉంటే పిల్లలకు ఏ పేస్టు వాడాలో పళ్ల డాక్టరును అడగండి. బోరు నీటిని పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. గోధుమ చారలు ఉన్నంత మాత్రాన పన్ను పుచ్చినట్టు కాదు. గుంట పడితేనే పుచ్చు.

నెలకోసారి నోరు చూడండి

తలలో పేలు చూస్తాం కదా! అలాగే నెలకోసారి పిల్ల పెదవి పైకెత్తి పళ్లు చూడండి.

చిగురు పక్కన సున్నం లాంటి తెల్ల మచ్చ కనిపిస్తే అది మొదటి గుర్తు. ఇంకా గుంట పడలేదు. రాత్రి తోమడం, తీపి సార్లు తగ్గించడం, ఫ్లోరైడ్ వాడడం మొదలుపెడితే ఆ పన్ను బాగుపడవచ్చు.

గోధుమ రంగు గుంట, నల్ల గుంట కనిపిస్తే అది తనంతట తాను పూడదు. నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించాలి. నొప్పి వచ్చేదాకా ఆగవద్దు. గుంట చిన్నగా ఉన్నప్పుడు సిమెంటు పెట్టి పూడుస్తారు. పెద్దదయితే పని పెద్దది, ఖర్చు పెద్దది.

ఇప్పుడు వెండి కలిసిన ఒక మందు కూడా ఉంది. సూది అక్కరలేదు, మిషను అక్కరలేదు. గుంటలో పూస్తారు. పుచ్చు అక్కడితో ఆగే అవకాశం ఎక్కువ. ఆ చోటు నల్లబడుతుంది. భయపడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని ముఖ్యమైన మందుల పట్టికలో చేర్చింది.

బుగ్గ వాచి జ్వరం వస్తే, నోరు తెరవలేకపోతే, మింగలేకపోతే ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోండి. అది చీము. ప్రాణం మీదికి రావచ్చు. పంటి మీద పొగాకు, కర్పూరం, నొప్పి బిళ్ల పెట్టవద్దు. చిగురు కాలుతుంది.

ఎక్కడికి పోవాలి?

బాలల ఆరోగ్య కార్యక్రమం 2013లో దేశమంతా మొదలయింది. దాని డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండు సార్లు, సర్కారు బడికి ఏడాదికి ఒకసారి రావాలి. పిల్లల పళ్లు చూడడం కూడా వాళ్ల పనిలో ఉంది. వాళ్లు ఎప్పుడొస్తారో టీచరును అడగండి. ఆ రోజు పిల్లను బడి మాన్పించవద్దు. సాయంత్రం "నీ పళ్లు చూశారా? కాగితం ఇచ్చారా?" అని అడగండి. పెద్ద ఆస్పత్రికి పొమ్మని కాగితం ఇస్తే దాచిపెట్టవద్దు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. దానిలో ఏం రాశారో చదవండి. అర్థం కాకపోతే నర్సమ్మను, ఆశా కార్యకర్తను అడగండి.

చాలా ఏరియా ఆస్పత్రుల్లో, జిల్లా ఆస్పత్రుల్లో పళ్ల డాక్టరు ఉంటారు. హైదరాబాదు, విజయవాడ, కడపలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి.

డాక్టరును ఒక మాట తప్పక అడగండి. "ఇది పాలపన్నా, ఉండిపోయే పన్నా?" పన్ను పీకే ముందే అడగండి. ఉండిపోయే పన్ను అయితే "నిలబెట్టే మార్గం ఉందా?" అని అడగండి. అడగడం మన హక్కు. కొత్తగా వచ్చిన ఆరో పన్ను గుంటలను ముందే మూసే పూత కూడా ఉంది. దాని గురించీ అడగండి.

మళ్లీ ఆ పిల్ల దగ్గరికి

మొదట్లో రాత్రంతా ఏడ్చిన పిల్ల గుర్తుందా? పక్కింటి పెద్దమ్మ వెళ్లాక తల్లి పిల్ల నోరు తెరిపించింది. మధ్య నుంచి లెక్కపెట్టింది. నొప్పి ఉన్నది అయిదో పన్ను. పాలపన్నే. కాని దాని వెనకాల ఆరోది అప్పుడే చిగురు చీల్చుకుని తెల్లగా పైకి వస్తోంది.

అయిదో పన్నుకు వైద్యం చేయించాలి. ఆరో పన్నును ఈ రాత్రి నుంచే కాపాడుకోవాలి. ఆ పన్ను ఆ పిల్లకు అరవై, డెబ్భై ఏళ్లు తోడుండాలి. అమ్మ లేని రోజుల్లో కూడా ఉండాలి.

గుర్తు పెట్టుకుందాం

1. మధ్య నుంచి లెక్కపెడితే ఆరోది పాలపన్ను కాదు. పోతే మళ్లీ రాదు.
2. తీపి ఎంత అని కాదు, ఎన్ని సార్లు అని చూడాలి.
3. రాత్రి పళ్లు తోమాలి. తోమాక నీళ్లే.
4. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి.
5. నెలకోసారి పెదవి ఎత్తి చూడాలి.

సంఘం మీటింగులో మాట్లాడుకుందాం

1. నిన్న మీ పిల్లలు ఎన్ని సార్లు తీపి తిన్నారు? వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి.
2. మీ బడి దగ్గర కొట్టులో ఏమేం అమ్ముతున్నారు? పల్లీలు, శనగలు కూడా పెట్టమని కొట్టు అతనితో మాట్లాడగలమా?
3. మీ బడికి డాక్టర్ల బృందం కిందటిసారి ఎప్పుడు వచ్చింది? ఎవరు కనుక్కుంటారు?
4. ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లల పళ్లు ఎవరు తోముతారు?